భద్రత ఎవరికి? – అగ్నినిరోధక రసాయనాల చరిత్ర

'ప్రమాదం' అనే మాటకు సంస్కృతంలో ఏమరుపాటు అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అది ఆపద అయింది. కారణాన్ని చెప్పే మాట ఫలితాన్ని చెప్పే మాటగా మారింది. తరగతిలో అర్థవిపరిణామం పాఠం చెప్పేటప్పుడల్లా నేనీ ఉదాహరణ ఇస్తుంటాను. అయితే ఈ రెండర్థాలూ చెట్టపట్టాలు వేసుకుని నడిచిన చరిత్ర ఒకటున్నదని నాకు తెలిసింది మాత్రం ఒక సోఫా చీటీ వల్ల. కాలిఫోర్నియాలో కాపురముంటున్న మా అక్క పాత సోఫాను పారవేస్తూ, దాని అడుగున కుట్టిన చీటీని ఫోటో తీసి పంపింది. ఆ రాష్ట్రపు '117వ సాంకేతిక ప్రకటన' నిబంధనల ప్రకారం తయారైన వస్తువని దాని సారాంశం. "ఒరే తమ్ముడూ, పిల్లాడు దీనిమీదే పాకాడు. ఇందులో ఏం కలిపారో కాస్త చూసి చెప్పు" అన్నది. సాహిత్యం చెప్పుకునేవాణ్ణి రసాయనాల జోలికి పోవడానికి కారణం ఇదే.

ముందుగా ఒక సత్యాన్ని ఒప్పుకోవాలి. నిప్పు భయం కల్పితం కాదు. కిరసనాయిలు స్టవ్వు దగ్గర చీరకొంగు అంటుకుని ఆడవాళ్లు కాలిపోయిన ఇళ్లు మన ఊళ్లలో లేవా? అమెరికాలో కూడా ఇట్టే అంటుకునే బట్టలవల్ల జనం కాలిపోతే 1953లో చట్టం చేశారు. 1967లో దాన్ని బిగించారు. 1970ల మొదట్లో పిల్లల రాత్రి దుస్తులకు ఒక పరీక్ష పెట్టారు. 3 సెకండ్లు మంట చూపి తీసేస్తే బట్ట తనంతట తాను ఆరిపోవాలి. ఆ పరీక్ష నెగ్గడానికి మిల్లులవారు బట్టకు 'ట్రిస్' అనే బ్రోమిన్ రసాయనం పట్టించారు.

బట్ట కాలుతుందా లేదా అని పరీక్ష అడిగింది. ఆ రసాయనం పిల్లవాడి ఒంట్లోకి పోతుందా అని ఎవరూ అడగలేదు. ఏమరుపాటు ఇక్కడే మొదలైంది.

అడిగినవారు బ్రూస్ ఏమ్స్, ఆర్లీన్ బ్లమ్ అనే శాస్త్రజ్ఞులు. ఒక పదార్థం జన్యువులను మార్చగలదా అన్నది బాక్టీరియాపై త్వరగా, చౌకగా తేల్చే పద్ధతిని ఏమ్స్ కనిపెట్టాడు. ఆ పరీక్షలో ట్రిస్ దొరికిపోయింది. 1977 జనవరిలో వారు 'సైన్స్' పత్రికలో హెచ్చరించారు. జంతువులపై జరిపిన పరీక్షల్లో కాన్సరు కనిపించింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం ట్రిస్ పట్టించిన పిల్లల దుస్తులను నిషేధించింది. మరుసటి ఏడు, ఆ దుస్తులు తొడుక్కున్న పిల్లల మూత్రంలో ట్రిస్ అవశేషం కనిపించిందని అదే బృందం చూపింది.

తరువాత జరిగినది మరింత గమనించదగ్గది. అక్కడ అమ్మరాని దుస్తులలో కొన్ని ఓడలెక్కి పరదేశాలకు పోయాయి. 1978లో ఆ ఎగుమతిని కూడా ఆపవలసి వచ్చింది. తమ పిల్లలకు పనికిరానిది ఇతరుల పిల్లలకు పనికివస్తుందనే లెక్క వర్తకానికి కొత్త కాదు. ఇక నిషిద్ధమైన దాని స్థానంలోకి దాని సవతి సోదరుడు వచ్చాడు. బ్రోమిన్ తీసి క్లోరిన్ పెట్టిన ట్రిస్ అది. అదీ జన్యువులను మార్చేదేనని తేలి పిల్లల దుస్తుల నుంచి తప్పుకున్నది. తప్పుకుని ఎక్కడికి పోయింది? కుర్చీల, పరుపుల నురగలోకి.

సోఫాలలో వాడే పాలియురెథేన్ నురగ పెట్రోలియం బిడ్డ, తేలిగ్గా మండుతుంది. 1975లో అమలుకు వచ్చిన 117వ ప్రకటన ప్రకారం పైగుడ్డ లేని నురగ 12 సెకండ్లు చిన్న మంటకు తట్టుకోవాలి. వేడి తగిలినప్పుడు బ్రోమిన్, క్లోరిన్ విడివడి మంటలోని రసాయన గొలుసును తెంపుతాయి. కాని ఇంట్లో ముందు అంటుకునేది పైగుడ్డ. అది రగిలేసరికి నురగకు తగిలేది పెద్ద మంట. దాని ముందు ఈ రసాయనం నిలవలేదు. పైగా విషపు పొగ ఎక్కువవుతుంది. మంట రాని రోజుల్లో కూడా రసాయనం ఊరుకోదు. నురగతో గట్టిగా కలిసిపోయి ఉండదు గనుక మెల్లగా జారి ఇంటి దుమ్ములో చేరుతుంది. నేలమీద పాకి చేతులు నోట్లో పెట్టుకునే పసివాడికి అందుతుంది. స్వీడన్‌లో 1972 నుంచి 1997 వరకు దాచిన తల్లిపాలను పరీక్షిస్తే, ఈ జాతి రసాయనాలు దాదాపు అయిదేళ్లకొకసారి రెట్టింపైనట్టు తేలింది.

సోఫాలను తగలబెట్టేది చాలావరకు ఆరని సిగరెట్టు. సిగరెట్టును మార్చమంటే పొగాకు కంపెనీలు ఒప్పుకోక, వేలెత్తి సోఫాను చూపాయి. రసాయన కంపెనీలకు అది వరమైంది. కంపెనీల డబ్బుతో నడిచిన ఒక 'ప్రజాసంఘం' తరఫున పేరున్న వైద్యుడొకడు శాసనసభ ముందు కాలి చనిపోయిన శిశువు కథ చెప్పాడు. అతడు చెప్పిన శిశువు లేనే లేదని 2012లో షికాగో ట్రిబ్యూన్ బయటపెట్టింది.

1976 నాటి అమెరికా రసాయన చట్టం అప్పటికే వాడుకలో ఉన్న సుమారు 62,000 పదార్థాలను పరీక్ష లేకుండానే లోనికి రానిచ్చింది. నేరం రుజువయ్యేదాకా మనిషిని నిర్దోషిగా చూడడం న్యాయమే. ఆ గౌరవాన్ని రసాయనానికి కూడా ఇస్తే రుజువు భారం పసివాడి ఒంటిమీద పడుతుంది. ఒకదాన్ని నిషేధించడానికి ఏళ్లు పడుతుంది. దాని తమ్ముణ్ణి అంగట్లో పెట్టడానికి నెలలు చాలు. 'పెంటా' అనే మిశ్రమాన్ని 2004లో ఆపితే, 2011లో పరీక్షించిన 101 పసిపిల్లల వస్తువుల్లో పదింట ఎనిమిదింటిలో ఏదో ఒక అగ్నినిరోధకం దొరికింది. అన్నిటికన్న ఎక్కువగా దొరికింది పాత పరిచితుడు క్లోరిన్ ట్రిస్! అందుకే 2019లో అమెరికా విజ్ఞాన అకాడమీలు వీటిని విడివిడిగా కాక 14 ఉపవర్గాలుగా విచారించవచ్చన్నాయి. వంశాన్ని చూసి తూకం వేయడమే సరైన మార్గమని నా అభిప్రాయం.

ఇదంతా విజ్ఞానశాస్త్రం మీద ఫిర్యాదు అనుకుంటే పొరపాటు. విషాన్ని పట్టుకున్నదీ శాస్త్రమే. లాభం కోసం సగం ప్రశ్న అడిగే శాస్త్రానికి, ప్రజల కోసం పూర్తి ప్రశ్న అడిగే శాస్త్రానికి మధ్య జరిగిన పోరాటమిది. మంటలార్పే కార్మికుల సంఘాలు రెండో పక్షాన నిలిచాయి, ఆ పొగ పీల్చేది వారే గనుక. 2013లో కాలిఫోర్నియా మంట పరీక్ష తీసివేసి, పైగుడ్డ సిగరెట్టు నిప్పుకు రాజుకుంటుందా అనే పరీక్ష పెట్టింది. రసాయనం లేకుండానే అది నెగ్గవచ్చు. 2021లో ఆ దేశమంతటికీ అదే ప్రమాణమైంది. ఈలోగా తానే ఆరిపోయే సిగరెట్టు కావాలని 50 రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. దారి మొదటినుంచీ ఉన్నది, నడవనివ్వలేదు, అంతే.

మన దేశం 2018లో నియమాలు చేసి, 2020లో స్టాక్‌హోం ఒడంబడిక కింద ఏడు రసాయనాల నిషేధాన్ని ఆమోదించింది. పెంటా వర్గం అందులో ఉన్నది. సంతోషమే. కాని పేర్ల జాబితా పట్టుకుని కూర్చుంటే తమ్ముళ్లు వస్తూనే ఉంటారు. ఏం కలిపారో చెప్పమని కొనేవాడు అడగాలి. హాని లేదని అమ్మేవాడు రుజువు చేయాలి.

ఇదంతా అక్కకు రాశాను. ఆమె కొన్న కొత్త సోఫాకూ చీటీ ఉన్నది. 2015 నుంచి అక్కడ అగ్నినిరోధకాలు కలిపారో లేదో చీటీమీద చెప్పి తీరాలి. 'లేవు' అన్నచోట గుర్తు పెట్టి ఉన్నదట. ఆ చిన్న గుర్తు వెనుక నలభై ఏళ్లు ఉన్నాయి.