థయోమెర్సాల్ వివాదం

టీకా మందు పాడవకుండా కలిపే థయోమెర్సాల్ అనే పాదరస సమ్మేళనం వల్లే పిల్లలకు ఆటిజం వస్తోందన్న ఆరోపణపై 1999 తర్వాత అమెరికాలో రేగిన వివాదం ఇది. అక్కడ ఈ పదార్థాన్ని థైమెరోసాల్ అంటారు. బ్రిటన్‌లో 1998లో మొదలైన ఎం.ఎం.ఆర్. (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా గొడవను, దీన్ని చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. నిజానికి రెండూ వేరు. వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల గురించి 'లాన్సెట్'లో రాసిన వ్యాసం వేలెత్తి చూపింది ఎం.ఎం.ఆర్. టీకాని (ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో ఉపసంహరించుకుంది). ఎం.ఎం.ఆర్.లో ఉండేవి బలహీనపరచిన సజీవ వైరస్‌లు. థయోమెర్సాల్ తగిలితే అవి పనికిరాకుండా పోతాయి కనుక ఆ టీకాలో దాన్ని ఏనాడూ కలపలేదు.

సీసాలోకి ఎలా వచ్చింది

1928 జనవరిలో ఆస్ట్రేలియాలోని బండాబర్గ్ పట్టణంలో ఒకే రోజు డిఫ్తీరియా టీకా వేయించుకున్న 21 మంది పిల్లల్లో 12 మంది చనిపోయారు. అదే సీసాలోంచి అంతకు ముందు కూడా కొన్ని రోజులపాటు సూదితో మందు తోడారు. సూక్ష్మజీవులను అడ్డుకునే పదార్థమేదీ అందులో లేదు. సూది గుచ్చిన దారినే జొరబడిన స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా నడివేసవిలో లోపల పెరిగిపోయింది. పలుమార్లు తోడే సీసాల్లో తగినంత క్రిమినాశని ఉండి తీరాలని విచారణ సంఘం తేల్చింది.

ఆ అవసరం తీర్చినది థయోమెర్సాల్. 1920లలో రసాయన శాస్త్రజ్ఞుడు మారిస్ ఖరాష్ తయారుచేసిన ఈ సమ్మేళనాన్ని ఎలీ లిల్లీ కంపెనీ 'మెర్థియోలేట్' పేరుతో అమ్మింది. బరువులో ఇంచుమించు సగం పాదరసమే. 1930ల నుంచి టీకాల్లో వాడుతున్నారు. సాధారణంగా అర మిల్లీలీటరు డోసులో 25 మైక్రోగ్రాముల పాదరసం ఉంటుంది.

1999 ప్రకటన

ఆహారంలో, మందుల్లో ఉన్న పాదరసాన్ని లెక్కగట్టమని 1997 నాటి ఒక చట్టం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ.ను ఆదేశించింది. పిల్లల టీకాల లెక్క ఇలా తేలింది: మూడు డి.పి.టి. డోసులు, మూడు హిబ్ డోసుల్లో ఒక్కొక్కదానికి 25 మైక్రోగ్రాములు. మూడు హెపటైటిస్-బి డోసుల్లో ఒక్కొక్కదానికి 12.5. వెరసి ఆరు నెలలు నిండేసరికి పసిబిడ్డ ఒంట్లోకి 187.5 మైక్రోగ్రాముల దాకా వెళ్లవచ్చు. టీకాలు ఒకదాని తర్వాత ఒకటి పట్టికలో చేరుతూ వచ్చాయే తప్ప, అప్పటిదాకా అన్నింటినీ కూడి చూసినవారు లేరు.

ఈ మొత్తం పర్యావరణ సంస్థ ఈ.పి.ఏ. పెట్టిన పరిమితిని దాటింది, ఎఫ్.డి.ఏ. సొంత పరిమితిని దాటలేదు. పైగా ఆ పరిమితులన్నీ చేపల్లో పేరుకునే మిథైల్ పాదరసానికి పెట్టినవి. థయోమెర్సాల్ శరీరంలో విడిపోతే వచ్చేది ఇథైల్ పాదరసం. అది పసిపిల్లల ఒంట్లో ఎంతకాలం ఉంటుందో అప్పటికి సరైన కొలతలు లేవు.

1999 జూలై 7న అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ప్రజారోగ్య విభాగం ఉమ్మడి ప్రకటన చేశాయి. హాని జరిగినట్టు ఆధారం లేదని చెబుతూనే, ముందుజాగ్రత్తగా థయోమెర్సాల్‌ను వీలైనంత త్వరగా తీసేయమని తయారీదారులను కోరాయి. ప్రమాదమే లేకపోతే తీయడమెందుకన్న ప్రశ్న తల్లిదండ్రులకు తట్టకుండా ఎలా ఉంటుంది? జాగ్రత్త తప్పు కాదు, కారణం విడమరచకపోవడమే తప్పు. కొన్ని ఆసుపత్రులు కంగారులో, తల్లికి హెపటైటిస్-బి ఉన్న శిశువులకు సైతం పుట్టగానే వేయాల్సిన టీకా మానేశాయి.

అనుమానం నాటుకోవడానికి మరో కారణం వయసు. కొందరిలో ఆటిజం బయటపడేది ఇలాగే: ఏడాదిన్నర బిడ్డ అప్పటిదాకా పలికిన అత్త, తాత లాంటి నాలుగు మాటలూ మానేస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు. టీకాల పట్టిక నిండుగా ఉండేదీ ఆ రోజుల్లోనే. 1994లో ఆటిజం నిర్వచనం విస్తరించడంతో నమోదయ్యే కేసులూ పెరుగుతున్నాయి.

పరిశోధనలు

2001 నాటికి అమెరికాలో కొన్ని ఫ్లూ టీకాల్లో తప్ప పిల్లల టీకాల్లో థయోమెర్సాల్ దాదాపు కనుమరుగైంది. పాదరసమే కారణమైతే కొన్నేళ్లకు ఆటిజం కేసులు తగ్గాలి. కాలిఫోర్నియా లెక్కలు చూసిన 2008 అధ్యయనంలో అవి పెరుగుతూనే ఉన్నాయి. డెన్మార్క్‌లో 1992లోనే ఆ పదార్థాన్ని తీసేశారు, అక్కడా తగ్గలేదు. ఆ దేశంలోనే 4,67,450 మంది పిల్లలను పరిశీలించిన 2003 అధ్యయనం, థయోమెర్సాల్ ఉన్న కోరింత దగ్గు టీకా వేయించుకున్నవారికీ, లేనిది వేయించుకున్నవారికీ మధ్య ఆటిజంలో తేడా కనిపించలేదని చెప్పింది. మిథైల్ పాదరసం రక్తంలో సగానికి తగ్గాలంటే నెలన్నర పడుతుంది. ఇథైల్‌కు వారం చాలని 2002లో శిశువుల రక్త పరీక్షల్లో తేలింది. 2001లో ఏదీ తేల్చలేమన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, 2004లో సంబంధం లేదనే నిర్ణయానికి వచ్చింది.

కోర్టులు, పత్రికలు

అనుమానం మాత్రం సడలలేదు. న్యాయవాది రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ 2005లో 'రోలింగ్ స్టోన్', 'సలాన్' పత్రికల్లో రాసిన వ్యాసం ప్రభుత్వం నిజం దాస్తోందంది. అందులో తప్పులు బయటపడ్డాక సలాన్ దాన్ని 2011లో ఉపసంహరించుకుంది. ఒంట్లోని పాదరసాన్ని వెలికితీస్తామంటూ కీలేషన్ చికిత్సలు వెలిశాయి. అలాంటి చికిత్స జరుగుతుండగానే 2005లో పెన్సిల్వేనియాలో ఐదేళ్ల బాలుడు చనిపోయాడు. ఈ వివాదం మొత్తంలో పిల్లలకు జరిగిన రుజువైన హాని ఏదంటే ముందు చెప్పుకోవలసింది ఇదే. పరిహారం కోరుతూ ప్రత్యేక న్యాయస్థానానికి 5,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. థయోమెర్సాల్‌పై నమూనాగా విచారించిన కేసులను 2010 మార్చిలో కొట్టేశారు.

భారతదేశంలో

పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాతా ఒప్పందం 2013లో కుదిరినప్పుడు టీకాలను మినహాయించారు. 1999 ప్రకటనపై సంతకం చేసిన పీడియాట్రిక్స్ అకాడమీయే ఈ మినహాయింపును సమర్థించింది. థయోమెర్సాల్ మానేసి ఒక్క డోసు సీసాలకే మారితే ఖర్చుతో పాటు శీతల నిల్వకు కావలసిన చోటూ పేద దేశాలకు మోయలేని భారమవుతుంది. భారత సార్వత్రిక టీకా కార్యక్రమంలో పెంటావాలెంట్ టీకా పది డోసుల సీసాల్లో, థయోమెర్సాల్‌తోనే వస్తుంది. దాన్ని తయారు చేసే కంపెనీల్లో కొన్ని హైదరాబాద్‌వే. ఏ.ఎన్.ఎం. సీసా తెరిచిన తేదీ, సమయం లేబుల్‌పై రాసి, చల్లదనం వంటి నిబంధనలు తప్పకపోతే 28 రోజుల దాకా వాడుతుంది. థయోమెర్సాల్ రక్షణ లేని తట్టు-రుబెల్లా సీసాను మాత్రం నాలుగు గంటల్లో పారేయాల్సిందే.

2025

కెన్నెడీ 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆరోగ్య మంత్రి అయ్యారు. జూన్‌లో టీకా సలహా సంఘంలోని 17 మందినీ తొలగించి కొత్తవారిని వేశారు. ఆ సంఘం అదే నెలలో థయోమెర్సాల్ ఉన్న ఫ్లూ టీకాలు వద్దని ఓటేసింది. అప్పటికి అక్కడ అలాంటివి మిగిలింది బహు కొద్ది. ఇప్పుడు అనుమానం టీకాల్లోని అల్యూమినియం లవణాలపైకి మళ్లింది. దాదాపు 12 లక్షల మంది పిల్లలపై డెన్మార్క్‌లో జరిగి 2025 జూలైలో వెలువడిన అధ్యయనం, అల్యూమినియం వల్ల ఆటిజం ముప్పు పెరిగినట్టు కనిపించలేదని తెలిపింది. కెన్నెడీ దాన్ని వెనక్కి తీసుకోమన్నారు, ప్రచురించిన పత్రిక ఒప్పుకోలేదు.