తిన్నడు పెట్టిన కన్ను: మాయకన్నుల కథల్లో శ్రీకాళహస్తి స్థానం

మాయకన్ను అనగానే ఈ తరం పాఠకులకు గుర్తొచ్చేది జె.కె. రౌలింగ్ నవలల్లోని మూడీ కన్ను. 2000లో వచ్చిన నాలుగో హారీ పాటర్ నవలలో పోయిన కంటి చోట అతను అమర్చుకున్న నీలి కన్ను గిరగిరా తిరుగుతుంది, గోడల అవతలివి చూస్తుంది, తల లోపలికి తిరిగి వెనకవైపునూ చూస్తుంది. 2007 నాటి చివరి నవలలో మూడీ చనిపోతాడు. అతని కన్ను మాత్రం ఒక అధికారిణి గది తలుపుకు చేరి కింది ఉద్యోగుల మీద నిఘాకు పనికొస్తుంది. నార్స్ పురాణగాథల్లో ఓడిన్ జ్ఞానం కోసం మీమిర్ బావికి తన కన్నొకటి ఇచ్చేస్తాడు. మన పల్లెల్లో అంజనం వేయించడం కూడా ఈ కోవలోదే. తమలపాకు మీద నల్లటి కాటుక పూసి, అందులోకి పిల్లవాణ్ణి చూడమని, పోయిన సొమ్ము జాడ అడుగుతారు. వీటన్నింటిలోనూ మామూలు కంటికి అందనిది చూడాలన్నదే ఆశ.

పుత్తూరుకు ఉత్తరాన, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తి కథ దారి వేరు. అక్కడ మనిషికి కృత్రిమమైన కన్ను పెట్టరు. మనిషి కన్నే రాతికి చేరుతుంది. పెట్టిన కన్ను ఏం చూసిందో ఏ కవీ చెప్పడు, నెత్తురు ఆగిందా లేదా అనే చెబుతాడు. లింగానికి తన కన్ను పెట్టి కన్నప్పగా పేరొందిన తిన్నని కథను భక్తి పరాకాష్ఠగా మనవాళ్ళు ఎన్నో విధాల వ్యాఖ్యానించారు. దీన్ని వైద్యం చేసే కథగా చదివితే దాని నిర్మాణం ఇంకా స్పష్టంగా కనిపిస్తుందని నా వాదన.

ఈ కథకు చాలా రూపాలున్నాయి. 12వ శతాబ్దంలో తమిళంలో సేక్కిళార్ పెరియపురాణం, 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుని బసవపురాణం, 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం ముఖ్యమైనవి. కథాంశం తెలిసిందే. పొత్తపి నాటి ఉడుమూరు బోయ యువకుడు వేటకొచ్చి అడవిలో లింగాన్ని చూస్తాడు. దొప్పలో మాంసం, పుక్కిట నీళ్ళు, తలలో ఆకులు, పూలు మోసుకొస్తాడు. ధూర్జటి తిన్నడు ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. ఈ అడవిలో ఒంటరిగా ఎందుకుంటావు, మా ఊరికి వచ్చెయ్యమని లింగాన్ని బతిమాలతాడు. ఆ మాటల్లో దేవుడు ఆకలిదప్పులున్న ఒళ్ళు. ఆ ఒంటికి దెబ్బ తగిలితే తిన్నడు వెతికేది మందునే, మంత్రాన్ని కాదు.

సేక్కిళార్ చెప్పిన వరుస గమనించదగ్గది. లింగం కంట నెత్తురు కారగానే తిన్నడు ముందు వేటగాడిలా ఆలోచిస్తాడు. ఇది మనిషి పనా, మృగం పనా అని చుట్టూ గాలిస్తాడు. ఎవరూ దొరకరు. అప్పుడు అడవికి పోయి ఆకులు తెచ్చి పిండుతాడు. నెత్తురు కట్టదు. మాంసానికి మాంసమే మందు అన్న పాత మాట అప్పుడు గుర్తొస్తుంది. బాణంతో తన కన్ను పెకలించి పెడతాడు, నెత్తురు ఆగిపోతుంది, ఆనందంతో గంతులేస్తాడు. ఈ వరుసలో గాయానికి కారణం వెతకడం, మందు వేయడం, మందు పని చేయకపోతే పెద్ద చికిత్సకు పోవడం అన్నీ ఉన్నాయి. ఆవేశంలో చేసిన ఆత్మార్పణ ఇంత పద్ధతిగా నడవదు.

రెండో కన్ను కారినప్పుడు ఈ పద్ధతి ఇంకా తేటపడుతుంది. మందు తెలిసింది, చేయి తిరిగింది. తన రెండో కన్నూ తీస్తే పెట్టాల్సిన చోటు కనపడదు కాబట్టి ఆ చోటును ముందే పాదంతో గుర్తు పెట్టుకుంటాడు. దేవుడి కంటి మీద కాలు! ఆచారం దృష్టిలో ఇది ఘోరం, వైద్యుడి దృష్టిలో తప్పనిసరి. గుడ్డివాడు కాబోతున్నవాడి తెలివి ఇక్కడుంది. తెలుగు, తమిళ సాహిత్యాలలో ఇంతకన్నా కచ్చితమైన శరీర చిత్రణ నాకు తోచదు. సరిగ్గా ఆ క్షణంలోనే శివుడు ఆపుతాడు. చాటున దాక్కుని ఇదంతా చూస్తున్న, ఆ లింగాన్ని పూజించే అర్చకుడి కళ్ళూ తెరుచుకుంటాయి.

పుత్తూరులో ఉండి ఈ కథ చదివేవాడికి ఆకుల ఘట్టం వింతగా తోచదు. ఈ ఊరికి పేరు తెచ్చినది పుత్తూరు కట్టు. విరిగిన ఎముకను సరిచేసి, ఆకు మందూ కోడిగుడ్డు సొనా పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కట్టే ఈ వైద్యం 19వ శతాబ్దం చివరి నుంచి పక్కనున్న ఈశ్వరాపురం, రాచపాళెం పేర్లతో నలుగురికీ తెలుసు. దాని పుట్టుక గురించి చెప్పుకునేది కూడా వేట కథే. దెబ్బతిన్న కుందేలును ఆకుల్లో చుట్టి పెడితే అది కోలుకుని పరుగు తీసిందట. తిన్నని కథకూ దీనికీ నేరుగా సంబంధముందని అనడం లేదు. కానీ ఆకులతో గాయం కట్టడం, వేటగాడే వైద్యుడు కావడం ఈ కొండలకు కొత్త కాదు. తిన్నడు పసరు పిండే చోట ఇక్కడి శ్రోతకు వివరణ అక్కర్లేదు.

ఆగమ సంప్రదాయంలో రాతి కంటికి చూపు మరోలా వస్తుంది. విగ్రహ ప్రతిష్ఠలో నయనోన్మీలనం జరుపుతారు, బంగారు శలాకతో కనుగీత తెరుస్తారు. తిరుమలలో గురువారం అలంకారాలు తగ్గించి, పెద్ద నామాన్ని సన్నం చేసి నేత్రదర్శనం ఇస్తారు. ఆ చూపు మంత్రంతో వచ్చిందని విశ్వాసం. అమ్మవారి గుళ్ళలో కంటిజబ్బు నయమైనవాళ్ళు వెండి కళ్ళు మొక్కు చెల్లిస్తారు. ఈ రెండింటి మధ్య కన్నప్పది విచిత్రమైన స్థానం. మంత్రమూ లేదు, లోహమూ లేదు, తన ఒంట్లోది తీసి పెట్టడమే.

కథల్లోంచి నిజమైన కృత్రిమ కళ్ళకు వస్తే, ఇరాన్‌లోని షహ్రె సుఖ్తేలో 2006లో బయటపడ్డ కృత్రిమ కన్ను సుమారు 4,800 ఏళ్ళ నాటిది. దాని మీద సన్నని బంగారు గీతలున్నాయి. దాన్ని పెట్టుకున్న స్త్రీ సోది చెప్పేదేమోనని పురావస్తు శాస్త్రవేత్త ఒకరు ఊహించారు. చూడలేని కన్నుకు చూపు అంటగట్టడం ఎంత పాతదో! నేటి అక్రిలిక్ కన్ను కూడా ముఖానికి నిండుదనం ఇస్తుంది తప్ప చూపు ఇవ్వదు. 2023లో న్యూయార్క్‌లో తొలిసారి పూర్తి కంటిని మార్చి పెట్టారు. కన్ను బతికింది, చూపు రాలేదు. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ చేసిన శుక్లపటల మార్పిడి మాత్రం ఇవాళ మామూలు చికిత్స. దానికి సాధారణంగా మనిషి కన్నే కావాలి.

కన్నప్ప కథను నాయనార్ల చరిత్రకూ శైవ సాహిత్య పాఠ్యాంశానికీ వదిలేసి ఊరుకోకూడదు. మాయకన్నుల మీద పనిచేసే విద్యార్థులు ఓడిన్, మూడీల పక్కన దీన్నీ పెట్టి చదవాలి. వైద్య చరిత్రకారులు సేక్కిళార్, సోమనాథుడు, ధూర్జటి పాఠాలలో పసరు, మాంసం, పాదం ఘట్టాలు ఎలా మారాయో వరుసగా పోల్చాలి. పుత్తూరు చుట్టుపక్కల వేట, ఆకు మందు కథలు చెప్పే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి వాటిని రాసిపెట్టాలి.