అరకు రైలు దారి: ఖనిజం వేసిన బాట

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు దారిని పర్యాటకుల కోసమే వేశారని చాలామంది నమ్మకం. ఆధారాలు మరోలా ఉన్నాయి. ఈ దారి భాగమైన కొత్తవలస–కిరండూల్ లైన్‌కు మూలం, ఇనుప ఖనిజం ఎగుమతికి 1960లో జపాన్‌తో కుదిరిన ఒప్పందం. బైలడిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు వేసిన ఈ మార్గం 1966–67లో వాడుకలోకి వచ్చింది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ తగిలించింది మాత్రం 2017లో.

కిటికీలోంచి కనిపించే అందానికీ ఆ ఖనిజమే చాలావరకు కారణమని నా అభిప్రాయం. బరువు బండికి నిటారు వాలు పనికిరాదు. ఘాట్‌లో 60 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు అన్నది ఇక్కడి పరిమితి. ఆ లెక్కన 900 మీటర్లు ఎక్కాలంటే కనీసం 54 కిలోమీటర్ల పట్టాలు కావాలి. అందుకే శివలింగపురం దాటాక లైను అనంతగిరి కొండల పక్కలు పట్టుకుని వంపులు తిరుగుతుంది. వెనక బోగీలో కూర్చున్నవారికి సొంత ఇంజనే ఎదురుగా కనిపిస్తుంది. అంతలో సొరంగం, చీకటి, పిల్లల కేరింతలు. బయటపడగానే కాళ్ల కింద లోయ. కిరండూల్ దాకా సొరంగాలు 58 అని లెక్క. మధ్యలో ప్యాసింజర్‌ను లూప్‌లైన్‌లో ఆపితే, ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లు పక్కనుంచి దిగిపోతుంటాయి.

దారిపొడవునా వినిపించే మరో రెండు మాటలనూ సరిచూడాలి. బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడంటారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో! సంవత్సరమో, ఆ ఘనత ఇచ్చిన తీరో, ఏదో ఒకటి తప్పు. అయినా పర్యాటక రచనల్లో అదే వాక్యం ఏళ్లుగా తిరుగుతోంది. ఇది దిద్దుకోదగ్గ పొరపాటు. ఇక 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అన్న మాట ఒకప్పుడు చెల్లి ఉండవచ్చు. 2008లో కశ్మీర్ లోయలో రైలు మొదలయ్యాక చెల్లదు. అక్కడి స్టేషన్లు 1,500 మీటర్లకు పైనే ఉన్నాయి.

కొత్తవలస–కోరాపుట్ మధ్య రెండో లైన్ మంజూరు వెనకా సరకు రవాణాదే పెద్దపీట. అది పూర్తయితే ప్యాసింజర్ ఆగి ఎదురుచూసే సమయం తగ్గవచ్చు. ఎంత తగ్గుతుందన్నది ఖనిజం బళ్లు ఎన్ని పెరుగుతాయన్న దానిపైనే ఉంటుంది.