శుద్ధరాత్రి: తండ్రి లేని బిడ్డ వ్రాసిన తండ్రి ప్రేమ



డిసెంబరు వచ్చిందంటే మన పల్లెల్లో క్యారల్స్ మొదలవుతాయి. డోలక్, కంజిర పట్టుకొని ఇంటింటికీ తిరిగి పాడతాం. కొవ్వొత్తులు వెలిగించే రాత్రి మాత్రం ఎన్నో సంఘాల్లో వినబడే పాట శుద్ధరాత్రి. కంఠతా వచ్చిన పాట కాబట్టి నోరు పాడుతుంది గాని మనసు నిలవదు. అందుకే ఈ పాట ఎక్కడ పుట్టిందో కొంచెం ధ్యానిద్దాం.

ఎలుకలు ఆర్గన్ తిత్తిని కొరికేశాయనీ, అందువల్ల అప్పటికప్పుడు గిటారుతో ఈ పాట కట్టారనీ ప్రసంగాల్లో వింటుంటాం. కానీ పాటకు రాగం కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ 1854లో స్వయంగా వ్రాసిన వివరణలో ఎలుకల మాటే లేదు. ఆ కథ తీసేసినా మనకు నష్టం లేదు. అసలు చరిత్రే అంతకంటే గొప్పది.

మాటలు వ్రాసినవాడు జోసెఫ్ మోర్. 1792లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పట్టణంలో పుట్టాడు. తల్లి అల్లికపని చేసుకొని బ్రతికే పేదరాలు, ఆమెకు వివాహం కాలేదు. తండ్రి ఒక సైనికుడు. బిడ్డ పుట్టకముందే ఆమెను విడిచి వెళ్ళిపోయాడు. జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతండ్రిగా ఉన్నది ఆ ఊరి తలారి. మరణశిక్షలు అమలు చేసే మనిషి అన్నమాట. వివాహం లేకుండా పుట్టినవాడు కాబట్టి, గురువుగా అభిషేకం పొందడానికి మోర్‌కు సంఘాధికారుల ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. కేథడ్రల్‌లోని ఒక గురువు దయతలచి చదివించకపోతే అతని బ్రతుకు ఎటు పోయేదో!

1816లో మరియాప్‌ఫార్ అనే కొండ ప్రాంతపు ఊరిలో సహాయ గురువుగా ఉన్నప్పుడు అతడు ఈ కవిత వ్రాశాడు. అది ఎలాంటి సంవత్సరమో తెలుసా? నెపోలియన్ యుద్ధాలు ముగిసి ఏడాదే అయింది. అంతకుముందు సంవత్సరం ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలిన కారణంగా 1816లో ఐరోపాకు ఎండాకాలమే రాలేదు. పంటలు పోయాయి, ఆకలి వచ్చింది. సమాధానాన్ని గూర్చిన ఈ పాట కడుపు నిండిన కాలంలో పుట్టలేదు, ప్రియులారా.

రెండేళ్ళ తరువాత, 1818 డిసెంబరు 24న, ఓబెర్న్‌డార్ఫ్‌లో మోర్ ఆ కవితను గ్రూబర్ చేతికిచ్చాడు. గ్రూబర్ పక్క ఊరు ఆర్న్స్‌డార్ఫ్‌లో బడిపంతులు. ఆ సాయంత్రానికే రాగం సిద్ధమైంది. ఆ రాత్రి మోర్ గిటారు వాయిస్తూ పాడాడు, గ్రూబర్ గొంతు కలిపాడు. తరువాత పాట లోకమంతా తిరిగింది గాని, వ్రాసినవాళ్ళ పేర్లు చాలామందికి తెలియలేదు. ఎవరో గొప్ప సంగీతకారుడు చేశాడనుకున్నారు. బెర్లిన్ రాజసంగీత మండలి నుండి విచారణ వచ్చినందుకే గ్రూబర్ ఆ వివరణ వ్రాశాడు. అప్పటికి మోర్ లేడు. 1848లో వాగ్రైన్ అనే ఊరిలో, పేద పిల్లలకు కూడా చదువు అందాలని పాటుపడి, పేదవాడిగానే నిద్రించాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. జర్మన్ మూలంలో ఈ పాటకు ఆరు చరణాలున్నాయి, మనం సాధారణంగా పాడేది మూడే. పాడకుండా వదిలేసిన నాలుగో చరణంలో మోర్ రెండు మాటలు పెట్టాడు: దేవుని పితృప్రేమ, జనములన్నిటినీ సహోదరునిగా హత్తుకునే యేసు. తండ్రి ముఖం ఎరుగని మనిషి పితృప్రేమను గూర్చి వ్రాశాడు! ఆ ప్రేమను అతడు తన ఇంట్లో నేర్చుకోలేదు, పశువులతొట్టి దగ్గర నేర్చుకున్నాడు.

లూకా 2:7 చూడండి. సత్రంలో చోటు లేని బిడ్డ ఆయన. మత్తయి 1:19 చూడండి. యోసేపు మొదట మరియను రహస్యంగా విడనాడాలనుకున్నాడు. లోకం వేలెత్తి చూపగల స్థితిలోనే మన ప్రభువు పుట్టడానికి ఒప్పుకున్నాడు. మరి మన సంఘాల్లో? ఫారంలో తండ్రి పేరు దగ్గర ఆగిపోయే బిడ్డను, మగదిక్కు లేని తల్లిని మనం ఎక్కడ కూర్చోబెడుతున్నాం? క్రిస్మస్ నాటకంలో ఆ బిడ్డకు పాత్ర ఇస్తున్నామా? క్యారల్స్‌కు వెళ్ళినప్పుడు ఆ ఇంటిముందు ఆగుతున్నామా, దాటిపోతున్నామా?

ఓబెర్న్‌డార్ఫ్ సంఘం అలాంటి ఒక బిడ్డను తమ బలిపీఠం దగ్గర నిలబడనిచ్చింది. నేటికీ లోకం అతని పాట పాడుతోంది. ఈ ఏడు కొవ్వొత్తి చేతపట్టి శుద్ధరాత్రి పాడేటప్పుడు, మీ వీధిలో అటువంటి ఒక్క ఇంటిని జ్ఞాపకం చేసుకోండి. పాట అయిపోయాక ఆ ఇంటి తలుపు తట్టండి.

తండ్రి లేనివారికి తండ్రియైన దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.