విల్వోర్డె కార్మికులకు అందని కబురు

1997 ఫిబ్రవరి 27న బ్రసెల్స్‌లో ఫ్రెంచి కంపెనీ రెనో యాజమాన్యం విలేకరులను పిలిచి, నగరానికి ఉత్తరాన ఉన్న విల్వోర్డె కార్ల ఫ్యాక్టరీని జులైలో మూసేస్తున్నామని చెప్పింది. క్లియో, మెగాన్ కార్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీ మీద దాదాపు 3,100 కుటుంబాలు బతికేవి. మూసివేత గురించి యూనియన్లతో యాజమాన్యం ముందుగా ఒక్క మాటైనా మాట్లాడలేదు. నాటి బెల్జియం ప్రధాని జాన్-లుక్ దహానె నివాసముండే ఊరు కూడా అదే.

1996లో రెనోకు 500 కోట్ల ఫ్రాంకులకు పైగా నష్టం వచ్చింది. ఖర్చు తగ్గించుకోక తప్పదన్నారు అధిపతి లూయీ ష్వైట్జర్. కానీ విల్వోర్డె మొండికేసిన ఫ్యాక్టరీ కాదు. కంపెనీ అడిగిన కొత్త పనివేళలకు అక్కడివాళ్లు కొన్నేళ్ల ముందే ఒప్పుకున్నారు. అందుకే కార్మికులకు అంత కడుపు మండింది. అడిగిందల్లా ఇచ్చినవాళ్లకు ఆఖరికి కబురైనా చెప్పలేదు!

కార్మికులు ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకున్నారు. తయారైన కార్లను గేటు దాటనివ్వలేదు. మార్చి 7న బెల్జియం, ఫ్రాన్స్, స్పెయిన్‌లలోని రెనో కార్మికులు ఒకే రోజు పని ఆపారు. పత్రికలు దానికి ‘యూరో సమ్మె’ అని పేరు పెట్టాయి. మార్చి 16న బ్రసెల్స్ వీధులు వేలాది మందితో నిండిపోయాయి. ఒకే కంపెనీ కింద పనిచేస్తూ, మరో దేశంలో పోతున్న ఉద్యోగాల కోసం తమ కూలి వదులుకున్న ఫ్రెంచి, స్పానిష్ కార్మికుల తెగువ నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా గొప్పది.

కోర్టులూ కార్మికుల పక్షానే నిలిచాయి. పలు దేశాల్లో వ్యాపారం చేసే పెద్ద కంపెనీలు కార్మిక ప్రతినిధులతో సంప్రదించాలని 1994లోనే యూరోపియన్ యూనియన్ నిర్దేశించింది. ఆ సంప్రదింపు జరగలేదని బ్రసెల్స్ కోర్టు, ఫ్రాన్స్‌లోని నాంటెర్ కోర్టు ఏప్రిల్‌లో తేల్చాయి. మేలో వెర్సాయ్ అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. అప్పట్లో రెనోలో సగానికి కాస్త తక్కువ వాటా ఫ్రెంచి ప్రభుత్వానిదే. జూన్‌లో ప్రధాని అయిన లియొనెల్ జోస్పాన్ మీద కార్మికులు ఆశలు పెట్టుకున్నారు. ఆ ఆశలూ నెరవేరలేదు. సంప్రదింపుల తంతు ముగించి రెనో ఫ్యాక్టరీని మూసేసింది.

ఆ ఓటమి నుంచి చట్టాలు పుట్టాయి. మూకుమ్మడిగా ఉద్యోగాలు తీసేయాలనుకునే యాజమాన్యం ముందుగా కార్మిక ప్రతినిధులకు చెప్పాలి, వాళ్లు చెప్పింది వినాలి, ప్రశ్నలకు జవాబివ్వాలి అంటూ 1998 ఫిబ్రవరిలో బెల్జియం ఒక చట్టం చేసింది. అక్కడ దాన్ని ఇప్పటికీ ‘రెనో చట్టం’ అనే అంటారు. 2002లో యూరోపియన్ యూనియన్ కార్మికులకు సమాచారం ఇవ్వడం, సంప్రదించడం గురించి సభ్యదేశాలన్నిటికీ వర్తించే ఆదేశం తెచ్చింది.

ఈ చట్టాలు మూసివేతను ఆపలేవు. బ్రసెల్స్‌లోని ఆడి ఫ్యాక్టరీ 2025 ఫిబ్రవరిలో మూతపడింది. కానీ అంతకుముందు నెలల తరబడి రెనో చట్టం ప్రకారం చర్చలు జరిగాయి. ఇల్లు నడిపే మనిషికి ఆ నెలలు చాలా విలువైనవి. అప్పు సర్దుకోవడానికి, ఇంకో పని వెతుక్కోవడానికి, పరిహారం కోసం గట్టిగా బేరమాడటానికి వీలు దొరుకుతుంది.

ఇప్పుడు అదే హక్కు డెలివరీ కుర్రాళ్ల దాకా రావాలి. యాప్‌లో ఖాతా ఆగిపోతే వాళ్లకు గేటూ లేదు, అడగడానికి మేనేజరూ లేడు. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఆదేశం ప్రకారం, పనిని గమనించే, పంచే యంత్ర వ్యవస్థల గురించి కార్మికులకు తెలియజేయాలి. ఖాతా తొలగించే నిర్ణయం మనిషే తీసుకోవాలి, కారణం రాసివ్వాలి. సభ్యదేశాలు దీన్ని చట్టంగా మార్చడానికి 2026 డిసెంబరు 2 గడువు.