ప్లగ్ అడాప్టర్ (విదేశీ ప్రయాణం)

ఒక దేశపు ప్లగ్గును మరో దేశపు సాకెట్టులో అమర్చే చిన్న సాధనం ప్లగ్ అడాప్టర్. ఇది పిన్నుల ఆకారాన్ని కలుపుతుందే గాని వోల్టేజీని మార్చదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు బ్రిటన్‌లోని బీఎస్ 546 ప్రమాణం నుంచి వచ్చింది. బ్రిటన్ మాత్రం 1947లో బీఎస్ 1363 తెచ్చి, పలక పిన్నుల జి రకానికి మారింది. దుబాయ్, సింగపూర్‌లలోనూ జి రకమే. ఆస్ట్రేలియాలో ఐ రకం, జర్మనీలో ఎఫ్ రకం. ఈ దేశాల వోల్టేజీ మనకు దగ్గరే కనుక సాధారణంగా అడాప్టర్ చాలు.

అమెరికా సంగతి వేరు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. సాకెట్లు ఎ, బి రకాలు. ఛార్జర్ మీద ‘100–240 వోల్టులు’ అని ముద్రించి ఉంటే భయం లేదు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ అలాంటివే. గోంగూర పచ్చడి కోసం పట్టుకెళ్లే 750 వాట్ల మిక్సీ మాత్రం అడాప్టర్‌తో నడవదు. సగం వోల్టేజీతో మోటారుకు బలం చాలదు, ఎండుమిర్చి వేయగానే మొరాయించి వేడెక్కుతుంది. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ వాడవచ్చు, కానీ అది బరువైనది. అమెరికాలో దొరికే 110 వోల్టుల భారతీయ మిక్సీ కొనుక్కోవడమే మేలు.

ఇస్త్రీపెట్టె వంటివాటికి ఎర్త్ పిన్ను లేని అడాప్టర్ వాడకూడదు.