గాలి ఊరికే, గాదె ఖరీదు

ఏ ఇల్లాలినైనా అడగండి, తేవడం కంటే దాచడమే కష్టమంటుంది. చింతపండు కొనడం ఎంతసేపు? గింజ తీసి, ఎండబెట్టి, ఉప్పు చేర్చి జాడీకెత్తేసరికి నడుములు పడిపోతాయి. బియ్యానికి పురుగు, పప్పుకి తేమ, పాలకి ఎండ... అన్నిటికీ ఏదో ఒక ఉపాయం కనిపెట్టిన మనిషి ఒక్క వస్తువు దగ్గర మాత్రం చాలాకాలం తికమకపడ్డాడు. అది కరెంటు. పుట్టిన క్షణంలోనే వాడెయ్యాలి. లేదా పోతుంది.

దాన్ని నింపుకుని, వాడుకుని, మళ్ళీ నింపుకునే జాడీని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన తయారుచేశాడు. రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, గంధకామ్లంలో ముంచాడు. అంతే. కాని కొత్త రేకు పనికి రావాలంటే నెలల తరబడి కరెంటు ఎక్కిస్తూ దించుతూ కూర్చోవాలి, కొత్త పెనాన్ని నూనె రాసి రాసి మచ్చిక చేసుకున్నట్టు. 1881లో కమీల్ ఫోర్ అనే మరో ఫ్రెంచాయన ఆ అవస్థ తప్పించాడు. ఎర్రసీసపు పొడిని ముద్దచేసి రేకులకి ముందే మెత్తేశాడు. మన ఆంజనేయస్వామికి పూసే సింధూరం ఉందే, పూర్వం దాన్ని చేసింది ఈ ఎర్రసీసంతోనే!

ఇంక ఇంటి సంగతికి వద్దాం. 1887లో స్కాట్లండులోని మేరీకర్క్ అనే ఊళ్ళో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసరు తన కుటీరం పక్కన గుడ్డ తెరచాపలతో ఓ గాలిమర నిలబెట్టాడు. దాంతో ఫోర్ బ్యాటరీలు నింపి ఇంట్లో దీపాలు వెలిగించుకున్నాడు. మనిషి మంచివాడు. మిగిలిన కరెంటుతో ఊరి వీధికి దీపాలు పెట్టిస్తానన్నాడు. అది దయ్యం పని, మాకొద్దన్నారట ఊరివాళ్ళు. నవ్వకండి. గాలి వీచనివేళ కూడా దీపం వెలిగితే ఎవరికి మాత్రం అనుమానం రాదు?

ఆ చలికాలంలోనే, సముద్రానికి అవతల అమెరికాలో, ఒహయో రాష్ట్రం క్లీవ్‌లాండ్ నగరంలో చార్లెస్ బ్రష్ అనే ఆయన ఇదే పనికి పూనుకున్నాడు. ఈయన కలిగినవాడు. 1879లోనే ఆ నగరం నడిబొడ్డున ఆర్క్ దీపాలు వెలిగించి పేరూ డబ్బూ గడించినవాడు. బ్యాటరీల మీద కూడా సొంత పేటెంట్లున్నాయి. యూక్లిడ్ అవెన్యూలో తన భవనం వెనక 60 అడుగుల స్తంభం లేపి, దాని మీద 56 అడుగుల అడ్డుకొలత చక్రం, దానికి 144 దేవదారు రెక్కలు పెట్టించాడు. ఆ కట్టడం బరువు 80,000 పౌన్లు. అంత చేసి పుట్టించింది 12 కిలోవాట్లు!

ఆ కరెంటంతా ఎక్కడ దాచాడూ అంటే, ఇంటి కింద నేలమాళిగలో. ఒక్కో సెల్లు ఇచ్చేది రెండే వోల్టులు. అందుకని 34 సెల్లుల్ని ఒక వరసగా కలిపి, అలాంటివి 12 వరసలు పెట్టాడు. మొత్తం 408 సెల్లులు. పైన ఇంట్లో 350 బల్బులు, రెండు ఆర్క్ దీపాలు, మూడు మోటార్లు. ఇంటి కింది భాగమంతా సీసమూ ఆమ్లమూ పరిస్తే ఇంటావిడ ఏమందో మరి. ఇలాంటి చరిత్రల్లో అది ఉండదు.

1890 డిసెంబరులో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక ఈ వింతని వర్ణిస్తూ పెద్ద వ్యాసం వేసింది. పొగడ్తలన్నీ అయ్యాక ఒక మాట అంది. గాలి ఊరికే వస్తోంది కదా అని ఈ దీపాలు చవకనుకోవద్దు, పరికరాలకయ్యే ఖర్చు ఆ లాభాన్ని మించిపోతుందీ అని. నాకు ఆ పత్రిక మీద గౌరవం అక్కడే కలిగింది. గొప్పింటి సరదాని పొగుడుతూనే లెక్క దాచిపెట్టలేదు!

ఆ ఖర్చు కొన్ననాటితో తీరేది కూడా కాదు. సీసపు రేకు ప్రతి నింపుడుకీ, ప్రతి వాడకానికీ కొంచెం ఉబ్బుతుంది, కొంచెం కుంచించుకుంటుంది. మెత్తిన ముద్ద రేణువు రేణువుగా రాలి అడుగుకి చేరుతుంది. ఖాళీగా వదిలేస్తే రేకు మీద తెల్లని పెచ్చు గట్టిపడి, మళ్ళీ కరెంటు పట్టదు. పూర్తిగా వాడెయ్యకూడదు, నింపకుండా ఉంచకూడదు, నీళ్ళు ఇంకనివ్వకూడదు. మీ ఇంట్లో ఇన్వర్టరుంటే ఈ మడీ ఆచారమూ మీకు తెలిసినవే. వాటి కింద ఉండే బ్యాటరీలు చాలావరకు ఆ ప్లాంటేగారి సంతానమే. బ్రష్‌గారి ఏర్పాటు మాత్రం దాదాపు 20 ఏళ్ళు నడిచింది.

ఆయనకి అది ముచ్చట. పల్లెల్లో వాళ్ళకి అది అవసరం. కారుకి సెల్ఫ్‌స్టార్టరు కనిపెట్టిన చార్లెస్ కెటరింగ్ ఇదే ఒహయోవాడు. ఆయన కంపెనీ 1916లో డెల్కో-లైట్ అని పొలాల మధ్య ఇళ్ళకోసం ఒక సరంజామా అమ్మకానికి పెట్టింది. చిన్న ఇంజను, దాంతో నడిచే డైనమో, మందపాటి గాజు జాడీల్లో 16 సెల్లులు, 32 వోల్టులు. కిరసనాయిలు దీపాల చిమ్నీలు తుడిచే పనీ, నీళ్ళు తోడే పనీ తప్పుతాయంటే ఏ రైతు భార్యకి ఆశ పుట్టదు! తరవాత 1930లలో రేడియో నడపడానికి చిన్న గాలిమరలొచ్చాయి. నడిపే ఖర్చు ఏడాదికి అర డాలరేనని ప్రకటనలు. "నడిపే ఖర్చు" అన్నారు చూశారా, అందులోనే ఉంది కిటుకంతా. గాలిమరకి తిండి అక్కర్లేదు. చచ్చేది బ్యాటరీ.

1935లో అమెరికా పొలాల్లో పదింట ఒకదానికే కరెంటు ఉండేది. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చింది. సహకార సంఘాలు కట్టుకుని స్తంభాలు పాతించుకున్నారు. ఇంటికో గాదె ఎందుకు, ఊరుమ్మడి కొట్టు ఉంటే చాలదా అన్నట్టయింది. జాడీలు మూలపడ్డాయి.

ఇప్పుడు మళ్ళీ గాలి తిరిగింది. ఒక యూనిట్ కరెంటు దాచే లిథియం బ్యాటరీకి ప్రపంచపు సగటు ధర 2010లో 1,000 డాలర్ల పైమాటే. 2024లో సుమారు 115 డాలర్లు. ఇంటికప్పు మీద సౌరఫలకాలు పెట్టుకున్నవాళ్ళు సాయంత్రానికి దాచుకోవాలని మళ్ళీ కాగితం మీద లెక్కలు వేస్తున్నారు.

ఆ పాత డెల్కో జాడీలు అమెరికాలో ఇప్పటికీ పాతసామాన్ల దుకాణాల్లో కనిపిస్తాయి. దళసరి గాజు, చదరపు మూతి. కొనుక్కెళ్ళి పూలు పెట్టుకుంటారు. చూస్తే మనకి ఆవకాయ పెట్టాలనిపిస్తుంది గాని, ఆ పని మాత్రం చెయ్యకండి. ఎంత తోమినా సీసాన్ని నమ్మలేం.